వార్డులోని చిన్న కంప్యూటర్లకు కూడా పరీక్ష అవసరమే

- నర్సింగ్ సూపరింటెండెంట్



ఈ పేజీలో మీరు సాధారణంగా రక్తపోటు, మధుమేహం, గర్భిణీ స్త్రీల ఆహారం, పసిపిల్లల టీకాలు మొదలైన వాటి గురించి చదువుతూ ఉంటారు. ఈసారి నేను రాసే విషయం మీకు కొంచెం కొత్తగా అనిపించవచ్చు. మన ఆసుపత్రి గోడలకు బిగించిన కెమెరాలు, ఆఫీసు గదిలో వెలుగుతూ ఉండే ఇంటర్నెట్ పెట్టె, మంచం పక్కనున్న మానిటర్, వీటికి కూడా జబ్బులు వస్తాయి. వీటిని కూడా అప్పుడప్పుడు పరీక్ష చేయించాలి. నేను కంప్యూటర్ చదువు చదివినదాన్ని కాను. నర్సింగ్ డిప్లొమా చేసి ముప్పై ఏళ్లకు పైగా వార్డులలో పనిచేస్తున్నాను. అయినా ఒక తల్లి అడిగిన ప్రశ్న వలన ఈ విషయం నేర్చుకోవలసి వచ్చింది. నేర్చుకున్నది మీతో పంచుకోవడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ నుండి వచ్చిన ఒక వార్త మీలో చాలామంది పేపర్లలో చదివే ఉంటారు. అక్కడి ఒక ప్రసూతి ఆసుపత్రిలో స్త్రీలకు పరీక్షలు చేసే గదిలోని సీసీ కెమెరా దృశ్యాలను దుర్మార్గులు దొంగిలించి, ఇంటర్నెట్‌లో డబ్బుకు అమ్మారు. పోలీసులు వేర్వేరు రాష్ట్రాలలో నిందితులను అరెస్టు చేశారు. ఆ కెమెరాల పాస్‌వర్డ్ 'అడ్మిన్123' అని తరువాత వార్తలలో వచ్చింది. దొంగ ఎవడైనా మొట్టమొదట వేసి చూసే పదం అదే.

ఆ వార్త వచ్చిన కొద్ది రోజులకు, ఆపరేషన్ కాన్పు అయి మూడవ రోజున ఉన్న ఒక తల్లి రౌండ్స్‌లో నన్ను ఆపింది.

"పెద్ద సిస్టర్ గారూ, వరండాలో ఆ కెమెరా ఉంది కదండీ. తలుపు తీసినప్పుడల్లా నా మంచం దానికి కనబడుతుందేమోనండీ. బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఎవరైనా చూస్తారేమోనని భయంగా ఉంది" అంది.

"లేదమ్మా, అది వరండా కోసం పెట్టినది. మన ఆఫీసులో తప్ప ఇంకెక్కడా కనబడదు. నువ్వు నిశ్చింతగా పాలివ్వు" అన్నాను.

ఆమె తల ఊపింది. నేను తరువాతి మంచం దగ్గరకు వెళ్లిపోయాను. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. థర్మామీటర్ పెట్టకుండానే చార్టులో 'జ్వరం లేదు' అని రాసే స్టూడెంట్ నర్సును నేను ఎంత గట్టిగా మందలిస్తానో అందరికీ తెలుసు. ఆ రోజు నేను చేసినది అదే పని. ఆ కెమెరా ఎవరికి కనబడుతుందో, ఎవరికి కనబడదో నాకు తెలియదు. తెలియకుండానే ఆ తల్లికి మాట ఇచ్చాను.

మా స్టాఫ్ నర్సు ఒకరి కుమారుడు హైదరాబాద్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్‌ల భద్రత చూసే ఉద్యోగం చేస్తున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అతనిని అడిగాను. అతను చెప్పిన మొదటి మాట ఇది: "ఆంటీ, ముందుగా డాక్టర్ గారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అనుమతి కాగితం లేకుండా నేను ఒక్క తలుపు కూడా తట్టను."

రోగి సమ్మతి పత్రం లేకుండా ఆపరేషన్ చేయము కదా. ఇది కూడా అలాంటిదే అని అర్థమయింది. రెండు రోజులలో అనుమతి వచ్చింది.

కీబోర్డు లేని కంప్యూటర్లు

కంప్యూటర్ అనగానే మనకు టీవీ లాంటి తెర, కీబోర్డు గుర్తుకొస్తాయి. కాని సీసీ కెమెరా, దాని దృశ్యాలు దాచే రికార్డర్, వైఫై రౌటర్, వేలిముద్ర హాజరు యంత్రం, టీవీ పెట్టె, కొన్ని రకాల పేషెంట్ మానిటర్లు, వీటన్నిటి లోపల కూడా అరచేతిలో పట్టేంత కంప్యూటర్ ఒకటి ఉంటుంది. అది ఒకే పని చేయడానికి తయారైనది. ఇలాంటి వాటిలో చాలావాటిని నడిపించేది లినక్స్ అనే మూల ప్రోగ్రాం.

లినక్స్‌ను 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. దానిని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, తమ అవసరానికి తగినట్టు మార్చుకోవచ్చు. అందుకే చిన్న యంత్రాలు తయారుచేసే కంపెనీలు దానినే వాడుకుంటాయి. లినక్స్ చెడ్డదని ఎవరూ అనుకోవద్దు. లోపం ఎక్కువగా దానిని వాడే పద్ధతిలో ఉంటుంది. ముఖ్యంగా మూడు కారణాలు అతను చెప్పాడు.

మొదటిది, పాస్‌వర్డ్. ఫ్యాక్టరీలో ఒకే మోడల్ యంత్రాలన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి పంపిస్తారు. కొన్నవారు దానిని మార్చరు. కొన్ని యంత్రాలలో మార్చే వీలే ఉండదు.

రెండవది, పాత ప్రోగ్రాం. యంత్రం లోపల ఉండే ప్రోగ్రాంను ఫర్మ్‌వేర్ అంటారు. దానిలో లోపం బయటపడినప్పుడు మంచి కంపెనీలు సరిచేసిన ఫర్మ్‌వేర్ విడుదల చేస్తాయి. మన ఫోన్ అప్‌డేట్ అడిగినట్టుగా ఈ యంత్రాలు చాలావరకు అడగవు. కొన్న రోజున ఎలా ఉన్నదో పదేళ్ల తరువాత కూడా అలాగే ఉంటుంది.

మూడవది, అక్కరలేని తలుపులు. ఫ్యాక్టరీలో పరీక్ష కోసం తెరిచిన మార్గాలను మూయకుండానే అమ్మేస్తారు. బిగించడానికి వచ్చిన మనిషి తన పని సులువు కావడానికి ఇంకొన్ని తెరిచి వెళ్తాడు.

స్కాన్ అంటే ఏమిటి?

ఇక్కడ స్కాన్ అంటే కడుపుకు తీసే అల్ట్రాసౌండ్ కాదు. నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి యంత్రానికి ఇంటి నంబరు వంటి ఒక నంబరు ఉంటుంది. దానిని ఐపీ అడ్రసు అంటారు. ప్రతి అడ్రసుకు 65,535 పోర్టులు, అనగా తలుపులు ఉండవచ్చు. 80వ నంబరు తలుపు సాధారణంగా వెబ్ పేజీది. 554 కెమెరా దృశ్యాలది. 23వ నంబరు 'టెల్నెట్' అనే పాత పద్ధతిది. ఈ టెల్నెట్‌లో పాస్‌వర్డ్ కూడా దాపరికం లేకుండా వెళ్తుంది కనుక ఈ రోజుల్లో దానిని తెరిచి ఉంచడం చాలా ప్రమాదం.

పరీక్ష మెట్లు మెట్లుగా జరుగుతుంది. మన వైద్య పరీక్షల వరుసలోనే ఉంటుంది కనుక మీకు సులభంగా అర్థమవుతుంది.

మొదట, ఎవరెవరు ఉన్నారో లెక్క పెట్టడం. వార్డు సెన్సస్ తీసినట్టుగా, ఏయే అడ్రసులలో యంత్రాలు జవాబు చెబుతున్నాయో చూస్తారు. ఎన్‌మ్యాప్ అనే ఉచిత ప్రోగ్రాంను 1997 నుండి దీనికి వాడుతున్నారు.

తరువాత, ఏయే తలుపులు తెరిచి ఉన్నాయి, లోపల నుండి ఏ ప్రోగ్రాం పలుకుతోంది, దాని వెర్షన్ ఏమిటి అని చూడడం. ఆ వెర్షన్‌ను లోకంలో ఇప్పటివరకు బయటపడిన లోపాల జాబితాతో సరిపోలుస్తారు. 'సీవీఈ' అనే ఆ జాబితా 1999లో మొదలైంది. ప్రతి లోపానికి అందులో ఒక నంబరు ఉంటుంది.

మూడవది, యజమాని అనుమతితో ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు పనిచేస్తున్నాయేమో వేసి చూడడం.

అవసరమైతే నాలుగవది, ఫర్మ్‌వేర్‌ను విప్పి చూడడం. ఇది బయాప్సీ వంటిది. కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్ ఫైలును వేరే కంప్యూటర్‌లో పొరలు పొరలుగా విప్పి, లోపల ఎవరైనా పాస్‌వర్డ్ రాసి మరిచిపోయారా, పాతబడిన భాగాలు ఉన్నాయా అని వెతుకుతారు. ఉదాహరణకు 2014 ఏప్రిల్‌లో 'హార్ట్‌బ్లీడ్' అనే పెద్ద లోపం బయటపడింది. అది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే భాగంలోనిది. ఆ భాగం చేరిన రౌటర్లు, ఇతర చిన్న యంత్రాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏది మారింది, ఏది మారలేదు అని యంత్రాన్ని పైపైన చూస్తే తెలియదు.

ఒక మాట జ్ఞాపకముంచుకోవాలి. స్కాన్‌లో 'లోపం ఉంది' అని వస్తే అది ఇంకా రోగ నిర్ధారణ కాదు. స్క్రీనింగ్ క్యాంపులో షుగర్ ఎక్కువ వచ్చినవారిని మళ్లీ పరగడుపున పరీక్షకు రమ్మన్నట్టే, దీనిని కూడా మరొకసారి నిర్ధారించుకోవాలి. అలాగే 'ఏమీ లేదు' అని వచ్చినంత మాత్రాన పూర్తి ఆరోగ్యమని కాదు. ఇంకా ఎవరూ కనిపెట్టని లోపాన్ని స్కాన్ చూపించలేదు.

దొంగలు కూడా తలుపులు తడుతూనే ఉన్నారు

"ఇంత చిన్న ఊరిలో మన ఆసుపత్రి కెమెరాను వెతికి పట్టుకునేది ఎవరయ్యా?" అని నేను అడిగాను. అతను నవ్వి, "ఎవరూ మనల్ని పేరు పెట్టి వెతకరు ఆంటీ. యంత్రమే అందరి తలుపులూ తడుతుంది" అన్నాడు.

పాత పద్ధతి ఐపీ అడ్రసులు ప్రపంచం మొత్తం మీద సుమారు 430 కోట్లు. అది పెద్ద సంఖ్యే. కాని 2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం వారు జెడ్‌మ్యాప్ అనే ప్రోగ్రాం తయారుచేసి, ఒకే ఒక్క కంప్యూటర్‌తో 45 నిమిషాల లోపల ఆ అడ్రసులన్నిటి దగ్గర ఒక తలుపు తట్టి చూపించారు. 2009 నుండి షోడాన్ అనే వెబ్‌సైటు ఇంటర్నెట్‌కు తగిలించిన యంత్రాల జాబితానే తయారుచేసి పెడుతోంది. కనుక చిన్న ఊరు, పెద్ద ఊరు అనే తేడా లేదు.

2012లో పేరు చెప్పని ఒక వ్యక్తి పాస్‌వర్డ్ మార్చని, లేదా అసలు పాస్‌వర్డే లేని చిన్న యంత్రాలలోకి టెల్నెట్ తలుపు గుండా ప్రవేశించాడు. అలా దాదాపు 4,20,000 యంత్రాలను తన పనికి వాడుకుని ఇంటర్నెట్ అంతటినీ లెక్క పెట్టాడు. ఫలితాలను 2013లో బయటపెట్టాడు. యంత్రాలకు హాని చేయలేదని చెప్పుకున్నా, ఇతరుల సొత్తును అడగకుండా వాడుకోవడం తప్పే.

2016లో వచ్చినది నిజమైన అంటువ్యాధి. దాని పేరు మిరాయ్. జపాన్ భాషలో 'భవిష్యత్తు' అని అర్థం. అది కెమెరాలు, రికార్డర్లు, రౌటర్ల తలుపులు తడుతూ, తన దగ్గరున్న అరవై పైచిలుకు ఫ్యాక్టరీ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతలను వేసి చూసేది. ఒకటి పనిచేస్తే చాలు, ఆ యంత్రం దాని వశమయ్యేది. తరువాత ఆ యంత్రం కూడా ఇతర యంత్రాల తలుపులు తట్టడం మొదలుపెట్టేది. 2016 అక్టోబర్ 21న ఇలా వశమైన యంత్రాలతో అమెరికాలోని డైన్ అనే కంపెనీ మీద దాడి చేశారు. ఆ కంపెనీ వెబ్‌సైటు పేర్లను అడ్రసులుగా మార్చి చెప్పే పని చేసేది. దానితో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి పెద్ద సైట్లు కూడా చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. మిరాయ్ తయారుచేసిన ముగ్గురు యువకులు 2017లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నారు. కాని వారు ముందే బయటపెట్టిన ఆ ప్రోగ్రాంకు పిల్లలు, మనవలు పుట్టుకొస్తూనే ఉన్నాయి.

మిరాయ్ గురించి ఒక విషయం నర్సుగా నాకు ఆసక్తిగా అనిపించింది. అది యంత్రం తాత్కాలిక జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది. యంత్రాన్ని ఆపి మళ్లీ వేస్తే పోతుంది. అయితే పాస్‌వర్డ్ మార్చకుండా మళ్లీ ఇంటర్నెట్‌కు తగిలిస్తే కొద్ది నిమిషాలలోనే మళ్లీ పట్టుకోవచ్చు. నులిపురుగుల మందు వేసి, చేతులు కడుక్కోవడం నేర్పకపోతే ఏమవుతుందో అదే ఇది.

జపాన్ ప్రభుత్వం దీనిని ప్రజారోగ్య కార్యక్రమం లాగానే చేపట్టింది. ముందుగా 2018లో చట్టం సవరించి, 2019 ఫిబ్రవరి 20 నుండి దేశంలోని సుమారు 20 కోట్ల అడ్రసులను తన పరిశోధనా సంస్థ ద్వారా స్కాన్ చేయించడం మొదలుపెట్టింది. సులభమైన పాస్‌వర్డ్ ఉన్న యంత్రం దొరికితే, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ ద్వారా ఆ ఇంటివారికి 'మార్చుకోండి' అని కబురు పంపించారు. ఇంటింటికీ తిరిగి క్షయ రోగులను వెతికే పద్ధతి మనకు తెలిసినదే.

మంచం పక్కనున్న యంత్రాలు

కెమెరాతో పోయేది గౌరవం. వైద్య యంత్రంతో ప్రాణానికే ముప్పు రావచ్చు.

2015 జూలైలో అమెరికా ఎఫ్.డి.ఏ. ఒక హెచ్చరిక ఇచ్చింది. హోస్పిరా కంపెనీ వారి సింబిక్ అనే ఇన్ఫ్యూజన్ పంపులోకి ఆసుపత్రి నెట్‌వర్క్ ద్వారా బయటివారు చొరబడి మందు మోతాదు మార్చగలరని, ఆ పంపుల వాడకం మానివేయమని ఆసుపత్రులకు చెప్పింది. ఎవరికీ హాని జరిగినట్టు అప్పటికి సమాచారం లేదు. అయినా ఇన్సులిన్ గాని, ఆక్సిటోసిన్ గాని డ్రిప్‌లో పెట్టిన ఏ నర్సుకైనా ఆ మాట వింటే ఒళ్లు జలదరిస్తుంది.

2025 జనవరి 30న అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ, ఎఫ్.డి.ఏ. కలిసి కాన్‌టెక్ కంపెనీ సీఎంఎస్8000 అనే పేషెంట్ మానిటర్ గురించి హెచ్చరించాయి. దాని ఫర్మ్‌వేర్‌ను విప్పి చూడగా, లోపల మార్చడానికి వీలులేని ఒక ఐపీ అడ్రసు రాసి ఉంది. మానిటర్ ఇంటర్నెట్‌కు తగిలితే రోగి వివరాలు ఆ అడ్రసుకు పోయే ఏర్పాటు, అక్కడి నుండి ఫైళ్లు లోపలికి వచ్చే ఏర్పాటు కనబడ్డాయి. ఇది కావాలని పెట్టినదా, నిర్లక్ష్యంగా వదిలేసినదా అన్న విషయంలో నిపుణులు ఒకే మాట మీద లేరు. ఏది అయినా సలహా మాత్రం చాలా సులువైనది: దూరం నుండి చూడవలసిన అవసరం లేకపోతే నెట్‌వర్క్ తీగ పీకేయండి, వైర్‌లెస్ ఆపేయండి, మానిటర్‌ను మంచం పక్కన మాత్రమే వాడండి.

వైద్య యంత్రాలను స్కాన్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త ప్రాణంతో సమానం. పాత యంత్రాన్ని ఒకేసారి వేల తలుపుల మీద తడితే అది తడబడి ఆగిపోవచ్చు. అందుచేత రోగికి తగిలించి ఉన్న ఏ యంత్రాన్నీ తట్టకూడదు. దానిని తీసి, స్టోర్‌లో విడిగా పెట్టి పరీక్షించాలి. లేదా తట్టకుండా, నెట్‌వర్క్ మీద అది మాట్లాడే మాటలను దూరం నుండి వినే పద్ధతి వాడాలి. మా దగ్గర ఈ ఒక్క నియమం నేనే పెట్టాను. ఆ అబ్బాయి కూడా అదే చెప్పబోయాడట.

మా ఆసుపత్రిలో ఏమి కనబడింది?

దాచకుండా రాస్తున్నాను.

మా స్టాక్ రిజిస్టర్ ప్రకారం నెట్‌వర్క్‌కు తగిలించిన యంత్రాలు 19. స్కాన్‌లో జవాబు చెప్పినవి 31. మిగతా పన్నెండు ఎక్కడివి? స్టోర్ రూమ్‌లో మరిచిపోయిన పాత కెమెరా, డ్యూటీ డాక్టర్ల గదిలో టీవీ పెట్టె, ఎవరో తెచ్చిపెట్టిన రెండవ రౌటర్, అవసరం లేకపోయినా తీగ తగిలించిన రెండు మానిటర్లు, ఇలా ఒక్కొక్కటిగా గదులన్నీ తిరిగి వెతికి పట్టుకున్నాము. ముందు ఎన్ని ఉన్నాయో తెలియకపోతే దేనికి వైద్యం చేస్తాము?

రౌటర్ పాస్‌వర్డ్ బిగించిన నాటి నుండి మార్చలేదు. కెమెరాల రికార్డర్‌లో టెల్నెట్ తలుపు తెరిచే ఉంది. పాస్‌వర్డ్ ఫ్యాక్టరీదే.

తరువాత అతను తన ఫోన్‌లో ఆసుపత్రి వైఫై ఆపి, మామూలు మొబైల్ డేటాతో మన అడ్రసు కొట్టాడు. రికార్డర్ లాగిన్ పేజీ వచ్చింది. అనుమతి కాగితం ప్రకారం ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఒక్కసారి వేశాడు. ప్రసూతి వార్డు వరండా తెర మీదకు వచ్చింది. అంతలో ఆయా ఎవరో తలుపు తీసింది. లోపల మొదటి రెండు మంచాలు కనబడ్డాయి.

నేను ఫోన్ వెనక్కి తిప్పేశాను.

బిగించిన మనిషి ఆఫీసువారు ఇంటి నుండి ఫోన్‌లో చూసుకోవడానికి వీలుగా బయటి తలుపు తెరిచి పెట్టాడట. చెడు ఉద్దేశం లేదు. కాని ఆ తలుపు మన ఆఫీసువారికే కాక లోకమంతటికీ తెరిచినట్టయింది. రికార్డర్ దాచిన లాగిన్ వివరాలలో మనకు తెలియని ప్రవేశాలు కనబడలేదు. అయితే అది కొద్ది వారాల వివరాలు మాత్రమే ఉంచుకుని పాతవి చెరిపేస్తుంది. అంతకు ముందు ఎవరూ చూడలేదని నేను ప్రమాణం చేయలేను.

అదే సాయంత్రం బయటి తలుపు మూయించాము. పాస్‌వర్డ్‌లన్నీ వేర్వేరుగా మార్చాము. రౌటర్, రికార్డర్‌లకు కొత్త ఫర్మ్‌వేర్ వేయించాము. పాత కెమెరాకు కంపెనీ ఇక ఫర్మ్‌వేర్ ఇవ్వడం లేదని తెలిసి దానిని తీసేశాము. మానిటర్ల తీగలు పీకేశాము. కెమెరాలకు, రోగుల వైఫైకి, ఆఫీసు కంప్యూటర్లకు వేర్వేరు నెట్‌వర్క్‌లు ఏర్పాటు చేశారు. వరండా కెమెరాను మెట్ల వైపు తిప్పి, తలుపు దగ్గర తెర కట్టించాము. ఇకమీదట ఆరు నెలలకొకసారి ఈ పరీక్ష జరుగుతుంది. దాని రిజిస్టర్ నా టేబుల్ మీదే ఉంటుంది.

కొత్త కెమెరాలు కొనేటప్పుడు కూడా ఒక నియమం పెట్టుకున్నాము. మన దేశంలో 2025 ఏప్రిల్ 9 నుండి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు. ఆ ధ్రువీకరణ ఉందా, ఎన్ని సంవత్సరాలు అప్‌డేట్లు ఇస్తారు అని అడిగిన తరువాతే ఆర్డరు. ఇంగ్లండుతో సహా బ్రిటన్ అంతటా 2024 ఏప్రిల్ 29 నుండి అన్ని యంత్రాలకు ఒకే సులభమైన పాస్‌వర్డ్ పెట్టి అమ్మడాన్ని చట్టమే నిషేధించింది.

మీ ఇంట్లో చేయదగినవి

మీ ఇళ్లలో కూడా వైఫై ఉంది. పిల్లలు విదేశాలలో ఉన్న కుటుంబాలలో, పెద్దవారిని చూసుకోవడానికి ఇంట్లో కెమెరా పెట్టుకున్నవారు మన సంఘంలోనే ఎందరో ఉన్నారు. దయచేసి ఈ పనులు చేయండి.

1. ఇంట్లో ఇంటర్నెట్‌కు తగిలించినవన్నీ ఒక కాగితం మీద రాయండి. ఫోన్లు, టీవీ, కెమెరా, రౌటర్, అన్నీ. రౌటర్ పేజీలో కనబడే జాబితాతో సరిచూడండి.

2. రౌటర్‌కు రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఒకటి వైఫైది, రెండవది రౌటర్ లోపలి సెట్టింగులది. చాలామంది మొదటిదే మారుస్తారు. రెండూ మార్చండి. నోట్‌బుక్‌లో రాసి బీరువాలో పెట్టుకోవచ్చు, తప్పు లేదు.

3. కెమెరా పాస్‌వర్డ్ పొడుగుగా పెట్టండి. ఊరి పేరు, పుట్టిన సంవత్సరం, 12345 వద్దు. బిగించిన మనిషికి తెలిసిన పాస్‌వర్డ్‌ను అతను వెళ్లిన వెంటనే మార్చండి.

4. పడక గదిలో, స్నానాల గది దగ్గర, మంచాన పడినవారికి బట్టలు మార్చే చోట కెమెరా పెట్టవద్దు. వారు పెద్దవారైనా, మాట పడిపోయినవారైనా, వారికి గౌరవం ఉంది.

5. రౌటర్, కెమెరాల ఫర్మ్‌వేర్ అప్‌డేట్ సంవత్సరానికి రెండుసార్లయినా చూడండి. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన యంత్రాన్ని ఇంటర్నెట్ నుండి తీసేయండి.

6. పాత యంత్రాన్ని అమ్మేటప్పుడు లేదా ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

7. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర వెబ్‌సైటులో కంప్యూటర్లు, ఫోన్లు శుభ్రం చేసుకునే ఉచిత సాధనాలు ఉన్నాయి. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

యువతకు ఒక మాట. స్కాన్ చేసే ప్రోగ్రాంలు ఉచితంగా దొరుకుతాయి. మీ ఇంటి యంత్రాలను పరీక్షించి నేర్చుకోండి, మంచి ఉద్యోగాలు ఉన్నాయి. కాని పక్కింటివారి తలుపు సరదాకైనా తెరవవద్దు. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశించడం 2000 సంవత్సరపు ఐటీ చట్టం ప్రకారం చట్టవిరుద్ధం. దురుద్దేశంతో చేస్తే మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా ఉండవచ్చు.

చివరగా

ఆ తల్లి కుట్లు విప్పించుకోవడానికి వచ్చిన రోజున ఆమెను, ఆమె అత్తగారిని నా గదిలో కూర్చోబెట్టాను. "అమ్మా, ఆ రోజు నీకు నేను చెప్పిన జవాబు తప్పు" అని జరిగినదంతా చెప్పాను. కెమెరాలో ఏమి కనబడిందో, ఏమి సరిచేశామో, ఏ విషయంలో నేను హామీ ఇవ్వలేనో కూడా చెప్పాను.

అత్తగారికి కోపం వచ్చింది. రావడం న్యాయమే. "మా పిల్లను మీ మీద నమ్మకంతో తీసుకొచ్చామండీ" అంది. నా దగ్గర జవాబు లేదు. క్షమించమని అడిగాను.

ఆ అమ్మాయి కొంచెంసేపు మాట్లాడలేదు. బిడ్డను భుజం మార్చుకుని, "ఇప్పుడు ఆ మంచం మీద ఎవరున్నారండీ?" అని అడిగింది. నిన్న రాత్రి కాన్పయిన ఒక అమ్మాయి ఉందని చెప్పాను. "ఆమెకు కనబడదు కదండీ?" అంది.

"లేదమ్మా. ఈరోజు పొద్దున నేనే చూసి వచ్చాను" అన్నాను.

ఆసుపత్రిలో మీకు ఏ కెమెరా గురించి, ఏ యంత్రం గురించి సందేహం ఉన్నా సిగ్గుపడకుండా, భయపడకుండా అడగండి. మేము చూసి చెబుతాము. మీరు అడిగిన ప్రశ్న వలన ఇంకొక తల్లికి మేలు జరగవచ్చు. అందరికీ ఆరోగ్యము కలుగును గాక.